చౌరస్తాలో శ్రద్ధాంజలి

"నేనెప్పుడు చచ్చిన్రా?"

నవీద్ షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. ఈరన్న దాని కిందినుంచి వంగి లోపలికి దూరి మరీ అడిగాడు.

పెద్దమందడి చౌరస్తాలో కరెంటు స్తంభానికి పొద్దున్నే ఒక ఫ్లెక్సీ వెలిసింది. మధ్యలో ఈరన్న పెద్ద ఫొటో. పైన 'కన్నీటి శ్రద్ధాంజలి'. కింద 'అజాతశత్రువు, మృదుభాషి, కీర్తిశేషులు ఈరన్న గారు'. ఊళ్ళో ఫ్లెక్సీలు కొట్టే షాపు నవీద్‌ది ఒక్కటే.

నవీద్ కంప్యూటర్ ముందునుంచి లేచి నిలబడ్డాడు.

"పొరపాటైంది కాకా. పక్కూర్ల ఇంకో ఈరన్న పోయిండు. రేషన్ కార్డు పనికి నువ్విచ్చిన ఫొటో గూడ కంప్యూటర్ల ఉండె. రెండు తారుమారైనయి."

"పాలకేంద్రం కాడ యాదమ్మ నన్ను జూసి క్యాను ఇడిసిపెట్టి ఉరికింది. పాలన్ని మోరీ పాలు."

"జర కూసో కాకా, చాయ్ చెప్త."

"చచ్చినోనికి చాయ్ ఏందిరా? ముందుగాల ఇది చెప్పు. మృదుభాషి అంటే ఏంది?"

"మెత్తగ మాట్లాడెటోడు."

"నేను మెత్తగ మాట్లాడుతనారా!"

ఆ అరుపుకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులోంచి ఇద్దరు బయటికొచ్చి చూశారు.

"పోయినోళ్ళందరికీ అదే రాస్తం కాకా," అన్నాడు నవీద్.

"నడువు. ఇప్పుడే దించు."

"నిచ్చెన మసీదు కాడుంది. సున్నమేస్తుండ్రు. పదకొండింటికి తెచ్చి దించుత."

ఈరన్న ఇంటికి పోయాడు. భార్య విజయమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఊరంత నేను చచ్చిన్ననుకుంటుండ్రు. నువ్వేమో బియ్యం చెరుగుతున్నవ్."

"చెరగకుంటే పగటికి ఏం తింటవ్?" అన్నది చాటలోంచి తల ఎత్తకుండా. "బతికుండంగ పోయిండని పేరొస్తే ఆయుష్షు పెరుగుతదంటరు. మంచిదే గద."

ఈరన్న అరుగు మీద కూర్చున్నాడు. పరామర్శకు ఒక్కొక్కరే రాసాగారు. వచ్చినవాళ్ళు అరుగు మీద అతన్నే చూసి, ఈసారి పత్తి ఎట్లుందని అడిగి పోయారు. వాళ్ళలో ఒక్కరి కళ్ళైనా తడిగా లేవు. ఫ్లెక్సీ కంటే అదే ఈరన్నకు ఎక్కువగా గుచ్చుకుంది.

పదకొండింటికి నవీద్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ చౌరస్తాకు నడిచారు.

ఫ్లెక్సీ కింద ఒక మనిషి వాళ్ళకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బంతిపూల దండ. ఇంకో చేతిలో తువ్వాల ముఖానికి అడ్డంగా. భుజాలు అదురుతున్నాయి.

ఆ వీపును ఈరన్న గుర్తుపట్టాడు. వీపనగండ్లలో ఉంటున్న తమ్ముడు నర్సింహులు. ఏడేళ్ళ కింద నర్సింహులు బిడ్డ పెండ్లి కార్డులో ఈరన్న పేరు నర్సింహులు బావమరిది పేరు కింద పడింది. ఆ రోజునుంచి అన్నదమ్ముల మధ్య మాట లేదు, రాకపోకలు లేవు.

"ఒక్క ఫోను చేస్తే ఏం పాయెనే అన్నా," అంటున్నాడు నర్సింహులు ఫ్లెక్సీతో. "నువ్వు చేస్తవని నేను చూస్తి. నేనన్న చేయకపోతి."

"ఇప్పుడు చెయ్యి," అన్నాడు ఈరన్న వెనకనుంచి.

నర్సింహులు తిరిగి అన్నను చూశాడు. ఫ్లెక్సీని చూశాడు. మళ్ళీ అన్నను చూశాడు. స్తంభం మొదట్లోనే కూలబడ్డాడు.

"నువ్వు సావలేదా అన్నా?"

"లేదురా."

"మరి గిదేంది?"

"పొరపాటంట."

నర్సింహులు ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఈరన్న దగ్గరికి వచ్చాడు. తమ్ముడు ఎదురుపడితే ఏమనాలో ఏడేళ్ళుగా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ పక్కనపెట్టి తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ కార్డుల నీ పేరు..." అని మొదలుపెట్టాడు నర్సింహులు.

"పోనీయ్. ఈడ నాదొక్కనిదే ఉంది గద."

జబ్బ పట్టి లేపాడు. తెచ్చిన దండను ఏం చేయాలో తోచక నర్సింహులు దాన్ని అన్న మెడలోనే వేశాడు. ఈరన్న కాదనలేదు.

"నడువు. మీ వదిన అన్నం వండింది."

మెడలో దండతో ఈరన్న, అతని చెయ్యి పట్టుకుని నర్సింహులు సందులోకి నడిచారు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు జరిగి తోవ ఇచ్చారు.

వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి, నవీద్ నిచ్చెనను స్తంభానికి ఆనించాడు. రెండు మెట్లెక్కి ఫోను తీశాడు.

"చిన్నమ్మా, నువ్వు చెప్పినట్లే అయింది. ఫ్లెక్సీ ఫొటో ఫోన్ల పంపంగనే తమ్ముడొచ్చిండు. ఇద్దరు కలిసి ఇంటికే వస్తుండ్రు. ఇగ దించుతున్న."

"అప్పుడే దించకు బిడ్డా," అన్నది విజయమ్మ. "ఆయనకు గోపాల్‌పేటల చెల్లె గూడ ఉంది. ఆమె ఇంక రాలే."