ఆరో ముడి

"పాపని ఓసారి పిలవండమ్మా, భుజం కొలత తీసుకోవాలి," అన్నాడు ఆదిశేషయ్య, కత్తెర కింద పెట్టి సంచీలోంచి పురికొస తీస్తూ.

పటమటలో ఆ ఇంటి వాక్కాయ కంచెని ఏటా వానలు తగ్గాక అతనే కత్తిరిస్తాడు. పాప ప్రత్యూష భుజాల ఎత్తుకే కత్తిరించాలి. బడి ఆటో ఎక్కేదాకా కూతురి తల వంటింటి కిటికీలోంచి కనబడాలని సత్యశ్రీ మొదటి ఏడే చెప్పింది. అలా ఏడాదికో కొలత ముడి చొప్పున, ఆరేళ్లకి పురికొస మీద ఆరు ముళ్లు పడ్డాయి.

సత్యశ్రీ గుమ్మంలోంచి కదల్లేదు. "పోయినేటి కొలతే ఉంచండి శేషయ్యగారూ."

"అదేంటమ్మా, ఎదిగే పిల్ల. ఈసారి ముడి బెత్తెడు పైకి పడుద్ది చూడండి."

"పాప లేదండీ. మాఘమాసంలో జ్వరమొచ్చి, నాలుగు రోజుల్లో పోయింది."

శేషయ్య కంచె వైపు తిరిగాడు. వానలకి అది ఏపుగా పెరిగి, పాప తల మునిగేంత ఎత్తయింది.

"ఇది మాత్రం ఆగలేదు," అంది సత్యశ్రీ.

"పోనీ, ఇలాగే వదిలేద్దామా అమ్మా? రోడ్డు కనబడకపోతేనే నయమేమో."

"వద్దండీ, కోయండి. ఆటో వచ్చే వేళకి నేనెలాగూ ఆ కిటికీ దగ్గరే నిలబడతాను."

అతను ఆరో ముడికి కొలిచి కత్తెర వేశాడు. తెగిన ప్రతి కొమ్మా పాలు కార్చింది.

పని అయ్యాక పురికొస చుట్టబోయాడు. పాప పెళ్లీడు దాకా సరిపోవాలని మొదటి ఏడే అతను పొడుగ్గా ఉంచిన కొసలో, ఆరో ముడి పైన ఇంకా మూరెడు మిగిలింది.