నూరు సాంగ్‌ల నోటు మీద అంకె

"అమాలా, ఈ మూడంకె తోక చూశారా? లాసా టంకశాలలో ఇంత చక్కని చెయ్యి ఇంకోటి లేదు. నా పుస్తకంలో మీ ఆయనకు ఒక అధ్యాయమే రాస్తున్నా," అన్నాడు తెన్‌పా, పాత టిబెట్ నోటు మీద భూతద్దం పెట్టి.

మా నోట్ల మీద బొమ్మలు అచ్చువేసేవారు, నంబరు మాత్రం మా ఆయనలాంటి రాతగాళ్లు చేత్తో రాసేవారు. ఆ పనికి ఆడవాళ్లను టంకశాల గడప కూడా తొక్కనిచ్చేవారు కాదు.

"ఆ తోక నాది," అన్నాను.

"మీదా?"

"ఆయన వేళ్లు వణికేవి నాయనా. ఉద్యోగం ఊడుతుందని నోట్ల కట్టలు చుబా అంగీ మడతల్లో దాచి ఇంటికి తెచ్చేవాడు. ఏడేళ్లు నేనే రాశా. నేను రాస్తుంటే ఆయన పిండి కలిపేవాడు, అదీ ఉండలు కట్టేలా!"

తెన్‌పా నవ్వేశాడు. "పరాచికాలు బాగా ఆడతారు అమాలా!"

నిజం తెలిసిన రెండో మనిషి, మా ఆయన, పోయి పద్దెనిమిదేళ్లయింది. ఇక మిగిలిన సాక్ష్యం నా చెయ్యి ఒక్కటే. పెట్టెలోంచి వెదురు కలం తీశాను. నోటు మీది నంబరునే కాగితం మీద రాసిచ్చాను.

భూతద్దం నోటు మీదికీ కాగితం మీదికీ నాలుగుసార్లు తిరిగింది. అతని కళ్లలో నీళ్లు నిండాయి. హమ్మయ్య, నమ్మాడనుకున్నాను.

"ఎంత ప్రేమ అమాలా! ఒక్క వంకర తప్పలేదు," అంటూ నన్నూ కాగితాన్నీ కలిపి ఫొటో తీశాడు.

"కింద ఏం రాస్తావు?"

"భర్త చేతిరాతను గుండెల్లో దాచుకున్న భార్య."