కొత్త కమిటీ చదువుతుందట

ఫ్లెక్సీ ముందే కట్టించి తొందరపడ్డానేమో అని నందిగామలో బస్సు దిగాక గాని ఉమాకాంతానికి తట్టలేదు.

సొంత ఊరు జగ్గయ్యపేట సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ. ‘జిల్లా బాలల పుస్తకాల జాబితాలో మన ఉమాకాంతం మాస్టారి నవల. ఆదివారం ఘన సన్మానం.’ జాబితా ఇంకా రాలేదన్న మాట నిజమే. కానీ ఆయన ఇదివరకు రాసిన నాలుగు నవలలూ ఏ ఏటికాయేడు జాబితాలో పడుతూనే ఉన్నాయి. పాత కమిటీలో కృష్ణయ్య ఉండేవాడు. పుస్తకాన్ని అరచేతిలో పెట్టి ఎత్తి చూసి, బరువుంది, పిల్లలకి మేలు చేస్తుంది అని సంతకం పెట్టేసేవాడు. ఆ సంతకం పడితే జిల్లాలో బడులన్నీ కొంటాయి. పడకపోతే వెయ్యి కాపీలూ మంచం కిందే పడుకుంటాయి.

ఈ ఏడు ఆ కమిటీని తీసేసి కొత్తది వేశారు. ఈ కొత్త కమిటీ మీద ఒక దుర్వార్త ప్రచారంలో ఉంది. పుస్తకాలు చదువుతుందట.

హైస్కూలు లైబ్రరీ గదిలో ముగ్గురూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మధ్యలో వాగ్దేవి, చైర్మన్. ఇటు బెన్ని, అటు సూసన్. ఉమాకాంతం వెళ్తూనే శాలువా తీసి వాగ్దేవికి కప్పాడు. అది ఆమెని సగం మింగేసింది. ఉక్కగా ఉందండి అని తీసి మడతపెట్టి పక్కన పెట్టింది. కాజాల డబ్బా మాత్రం బెన్ని కాదనలేదు. అప్పుడే మూత తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఒక ఓటు పడింది అనుకున్నాడు ఉమాకాంతం.

“ముగ్గురం పూర్తిగా చదివాం సార్,” అంది వాగ్దేవి.

తన పుస్తకం పూర్తిగా చదివినవాళ్ళని ఎదురుగా చూడటం ఉమాకాంతానికి ఇదే మొదటిసారి.

నవల పేరు ‘సుశీలుడి సన్మార్గం’. నాలుగు వందల పన్నెండు పేజీలు. సుశీలుడు తెల్లారగట్ల నాలుగింటికి లేస్తాడు, చన్నీళ్ళు పోసుకుంటాడు, తాతయ్య కాళ్ళకి మొక్కుతాడు. తర్వాత తాతయ్య మాట్లాడతాడు.

“తాతయ్య ఏకధాటిగా నూట ఎనభై పేజీలు మాట్లాడాడు సార్,” అన్నాడు బెన్ని, కాజా నములుతూనే. “మధ్యలో మంచినీళ్ళు కూడా అడగలేదు.”

అవి జీవిత సత్యాలన్నాడు ఉమాకాంతం. కావచ్చండి, అయితే సుశీలుడు ఒక్కసారైనా ఆకలేస్తోంది అనలేదేం అని అడిగింది సూసన్. కథలో వేసవి సెలవులన్నీ గడిచిపోయాయి గదా, ఒక్క పూటైనా ఏం ఆడుకున్నాడు అని వాగ్దేవి అడిగింది. ఆటల్ని ఇరవై మూడో అధ్యాయంలో ఖండించానని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. చూశాం అన్నారు ముగ్గురూ ఒకేసారి.

బల్ల మీద ఇంకో పుస్తకం ఉంది. గ్రాఫిక్ నవల. చందర్లపాడు వైపు మిరప చేలో కాయలు కోసే తల్లీ కూతుళ్ళ కథ. దాన్ని జాబితాలో వేసేశారని తెలిసి ఉమాకాంతానికి కారం కంట్లో పడ్డట్టే అయింది. సూసన్ ఒక పేజీ తెరిచి చూపించింది. కోసిన చేతుల్తో కూతురు కళ్ళు నులుముకుంటోంది. తల్లి కొంగు తడిపి పరుగెత్తుకొస్తోంది. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

“ఇందులో మాటేదమ్మా?” అన్నాడాయన.

“మంటకి మాటలెందుకండి,” అంది సూసన్.

అక్కడితో ఆయన ఓపిక చచ్చిపోయింది. లేచి నిలబడి మొదలెట్టాడు. బొమ్మల పుస్తకాలిస్తే పిల్లలకి చదవడమే మరుపొస్తుందన్నాడు. ఆరు సన్మానాలు, పదకొండు శాలువాలు, మూడు కిరీటాలు ఊరికే రాలేదన్నాడు. చివరికి బల్ల మీద చెయ్యి వేసి అడిగాడు.

“ముప్పై నాలుగేళ్ళు హెడ్మాస్టరుగా చేసా. పిల్లల మనసు నాకు తెలుసు. ఈ కాలం పిల్లలకి ఏం కావాలో మీకేం తెలుసు?”

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బెన్ని నమలడం ఆపాడు.

“మీ నవల పిల్లలెవరైనా చదివారా అండి?” అని మెల్లగా అడిగింది వాగ్దేవి.

“పిల్లలు చదవాలనే రాసా.”

“చదివారా అని అడుగుతున్నా.”

“మా మనవడికి ఇచ్చా. వాడికి పరీక్షలున్నాయట.”

“బడులు తెరిచి వారమేగా అయింది సార్,” అన్నాడు బెన్ని. “ఏం పరీక్షలు?”

ఉమాకాంతం కూర్చున్నాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. సూసన్ ఏదో గట్టిగా పట్టుబట్టింది. బెన్ని తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ నిలువుగా ఊపాడు. ఆపైన వాగ్దేవి గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది. ఈసారికి వేయలేం. తాతయ్యని ఓ నెల రోజులు పక్క ఊరు పంపించి, సుశీలుడి చేత ఒక్క అబద్ధమైనా ఆడించి, మళ్ళీ రాసుకు వస్తే మళ్ళీ చదువుతాం.

ఉమాకాంతం గొంతు బాగా తగ్గించాడు.

“పేటలో ఫ్లెక్సీ కట్టించేసా అమ్మా. ఆదివారం సన్మానం.”

“విప్పించేయండి సార్,” అంది వాగ్దేవి. ఆ మాటలో కోపం లేదు, జాలే ఉంది. జాలి ఆయనకి ఇంకా మంటగా తగిలింది. శాలువా తిరిగి ఆయన చేతిలో పెట్టింది. సగం ఖాళీ అయిన కాజాల డబ్బాకి బెన్ని మూత పెట్టి ఇవ్వబోయాడు. ఉంచుకోండి అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

అంతలో మధ్యాహ్నం బెల్లు మోగింది, లెక్కల మాస్టారు వచ్చేలోపు ఏడో తరగతి గదిలో ఉండాలని కమిటీ మొత్తం బెంచీ మీంచి కిందికి దూకి ఒకటే పరుగు తీసింది.