వీపు మీద చెప్పిన మాట

"నన్ను కిందికి దించితే ఊరుకోను," అన్నాడు లాంబ్రోస్. రెండు కాళ్ళకీ కట్లు. మంచులో వెల్లకిలా పడున్నాడు.

"ఊరుకోక ఏం చేస్తావ్, లేచి తంతావా?" అన్నాడు సార్జెంటు తోదోరిస్. "ఇంకో పూట ఆగితే కాళ్ళు కుళ్ళిపోతాయి. కంచర గాడిదలన్నీ చచ్చాయి. ఆడవాళ్ళు మోసుకెళ్తారు. నోర్మూసుకుని ఎక్కు."

పిండస్ కొండల మీద ఇటలీ వాళ్ళతో యుద్ధం. కింది గ్రీకు ఊళ్ళ ఆడవాళ్ళే తూటాల పెట్టెలు వీపున కట్టుకుని పైకి తెస్తున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు దెబ్బ తిన్నవాళ్ళని దించుతున్నారు.

ఆడదాని వీపెక్కాలన్న సిగ్గు కాదు లాంబ్రోస్‌ది. "దించితే ఇంటికి పంపేస్తారు సార్. గడప దాటకముందే అడుగుతుంది మా అమ్మ, అన్నయ్య ఏడిరా అని. ఏం చెప్పమంటారు?"

లాంబ్రోస్ అన్న ఫోటిస్‌ని పోయిన వారమే ఈ కొండ మీద పూడ్చారు. అప్పట్నుంచీ పైకొచ్చిన ప్రతి ఆడమనిషి చేతా ఈ పిచ్చివాడు ఊరికి ఒకటే కబురు పంపుతున్నాడు: ఇద్దరం బాగున్నాం, ఒకే కంచంలో తింటున్నాం అని.

"అది తర్వాత చూద్దాంలే," అని సార్జెంటు చెయ్యి ఊపాడు.

అప్పుడే పెట్టె దించిన ఒకావిడ వీపు ఇటు తిప్పి గొంతుక్కూర్చుంది. ఆ ఆడవాళ్ళకది అలవాటు. పెట్టెయినా మనిషయినా ఎవరు, ఏమిటి అని తిరిగి చూడరు, తాడు బిగిస్తే లేచి నడుస్తారు. మేక బొచ్చు కంబళి, ముఖం చుట్టూ నల్ల గుడ్డ, మంచులో అందరూ ఒకేలా ఉన్నారు. లాంబ్రోస్‌ని ఎత్తి ఆవిడ వీపుకి కట్టేశారు.

దారి సన్నం. ఒక పక్క లోయ. కాసేపయ్యాక లాంబ్రోస్‌కి మనసు ఆగలేదు.

"బరువుగా ఉన్నానా పెద్దమ్మా?"

ఆవిడ పలకలేదు. బరువుతో దిగేటప్పుడు ఎవరూ మాట్లాడరు, ఉన్న ఊపిరి నడవడానికే చాలదు.

"మా అమ్మదీ నీ ఈడే. మోకాళ్ళ నొప్పులు. ఆవిణ్ణి మాత్రం ఈ చాకిరీకి పంపొద్దని ఊరిపెద్ద చేత ఒట్టేయించుకుని మరీ వచ్చాను. చలికాలం నా మేజోళ్ళు తన పొట్ట మీద పెట్టుకుని వెచ్చబెట్టి ఇచ్చేది, తెలుసా? ఇంత గాడిదనయ్యాక కూడా. వద్దే అంటే తిట్టేది. నాకు దాన్ని చూడాలని ఉంది పెద్దమ్మా. చూడాలంటే భయంగానూ ఉంది."

ఆవిడ ఒక్కో అడుగూ ఆచి తూచి వేస్తోంది.

"నీకు పుణ్యముంటుంది, ఒక్క అబద్ధం ఆడాలి. పోతూ పోతూ మా ఊరు కాస్తనోఖోరిలో ఎవరన్నా ఫోటిస్ ఎలా ఉన్నాడని అడిగితే, బాగున్నాడని చెప్పు. వాడు లేడు. నా ఒళ్ళోనే పోయాడు. మా అమ్మకి తెలిస్తే బతకదు."

ఆవిడ కాలు తడబడింది. రాళ్ళు దొర్లుకుంటూ లోయలోకి పోయాయి. చెయ్యి చాపి పక్కనున్న బండని పట్టుకుంది.

"జారిందా? కాసేపు కూర్చో పెద్దమ్మా, తొందరేముంది," అన్నాడు లాంబ్రోస్ హడలిపోయి.

ఆవిడ కూర్చోలేదు. వాణ్ణి ఒక్కసారి పైకి ఎగదోసుకుని, ముందుకన్నా వేగంగా నడిచింది.

కింద డాక్టరు గుడారం దగ్గర ఇద్దరు పరుగున వచ్చి తాడు విప్పారు, లాంబ్రోస్‌ని స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే వంగి నిలబడిపోయింది. ఎవరో వేడి టీ ఇచ్చారు. తీసుకోలేదు.

"మాటిచ్చినట్టేనా పెద్దమ్మా?" అనడిగాడు లాంబ్రోస్. "మా అమ్మకి తెలియకూడదు."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగి, ముఖం మీది గుడ్డ కిందికి లాగింది.

"మీ అన్నని ఎక్కడ పూడ్చారురా, లాంబ్రో?"