తపాల్ బాట

“ఇది మా ఇల్లు!”

“కాదు, మాది!”

ముగ్గుపిండి చేతిలో పట్టుకుని పిచ్చిచెట్ల మధ్య ఇద్దరు నడివయసు మగాళ్లు కొట్లాడుకుంటున్నారు. ఒకరు ప్రశాంతి తండ్రి కాశయ్య, ఇంకొకరు ప్రభాకర్.

ప్రశాంతి తల పట్టుకుంది.

మనుషుల్లేని ఈదులకుంటకు నలభై ఏళ్ల తర్వాత పదిహేను కుటుంబాలను ఒక్కపూట విందుకు పోగుచేయడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది. ఎవరిల్లు ఉన్నచోట వాళ్లు ముగ్గు గీసుకుని, అందులోనే కూర్చుని తినాలన్నది కూడా ఆమె ఆలోచనే.

ఒకప్పుడు సిద్దిపేట నుంచి చేర్యాలకు ఉత్తరాల సంచి ఈ ఊరి మీదుగానే వెళ్లేది. తర్వాత తారు రోడ్డు మైలు అవతల పడింది. అంగడి, బడి, బస్సు అటే పోయాయి. ఒక్కో ఇంటివాళ్లూ తలుపులు ఊడదీసి బండ్ల మీద వేసుకుని వెళ్లిపోయారు. అప్పటికి కాశయ్య, ప్రభాకర్ నిక్కర్ల పిల్లలు. ఏది ఎక్కడో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

“నా ఇంట్ల కూసోనిదే నేను బుక్క ముట్ట,” అన్నాడు కాశయ్య.

“అయితే నేనే పోత,” అని ప్రభాకర్ కారు తాళాలు తీశాడు.

“జర ఆగున్రి.”

గొడుగు చంకలో పెట్టుకున్న ముసలాయన. ఎవరూ ఎరగని మనిషి.

“మీ బాపు పేరేంది?” అని కాశయ్యను అడిగాడు.

“ఎల్లయ్య.”

“ఎల్లయ్యది గీడ గాదు. గా తుమ్మచెట్టు కాడ. మూడు మెట్లుండాలె.”

గడ్డి పీకితే మూడు రాళ్లు బయటపడ్డాయి! కాశయ్య వాటి మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ప్రభాకర్ తాళాలు జేబులో వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇంకేముంది, ముసలాయన్ని తలా ఓ చెయ్యి పట్టి లాగారు.

“మాదేది తాతా?”

“మాది?”

గంటలో ఊరు లేచి కూర్చుంది. ఆడవాళ్లు లేని తలుపులు తట్టి, “వదినా, ఇంత తోడుకు మజ్జిగుంటే పొయ్యవా,” అని పగలబడి నవ్వారు.

ప్రశాంతి చిన్నాన్న కొడుకు మహేందర్ ఆమె చెవిలో ఊదాడు. “అందరి జాగలు గిట్ల ఎరుకున్నయంటే భూముల బ్రోకరే. జర పైలం.”

ఆమెకూ అనుమానం తగిలింది. “మీ ఇల్లేది తాతా?”

“నాకీడ ఇల్లు లేదు బిడ్డా. చేర్యాలోన్ని. మీరంత వస్తున్నరని బస్సుల అనుకుంటుంటే ఇని వచ్చిన.”

ఆమె వంటల వైపు వెళ్లిపోయింది.

విస్తర్లు వేశారు. ఎవరిళ్లలో వాళ్లు కూర్చున్నారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. బగారన్నం రెండోసారి వడ్డిస్తూ చూస్తే ఆయన లేడు.

ప్రశాంతి మనసు చివుక్కుమంది. డబ్బాలో అన్నం, కోడికూర సర్దుకుని స్కూటీ మీద రోడ్డుకు ఉరికింది.

బస్సు అప్పుడే ఆగింది. అందులోంచి పోచవ్వ మెల్లగా దిగుతోంది. కుకునూరుపల్లిలో కూతురి దగ్గర ఉంటుంది. ఈదులకుంట పెద్దల్లో మిగిలింది ఆమె ఒక్కతే.

ఎక్కబోతున్న ముసలాయన ఆగిపోయాడు.

“ఉన్నవా పోచవ్వా?”

“ఉన్ననే అన్నా!”

ఇద్దరూ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. కండక్టర్ తొందరపెట్టాడు. ప్రశాంతి కిటికీలోంచి డబ్బా అందించేలోపే బస్సు కదిలింది.

“ఎవరవ్వా ఆయన?”

పోచవ్వ బస్సు వైపు చెయ్యి ఊపుతూనే ఉంది.

“మన తపాల్ దుబ్బన్న. రోడ్డు పడ్డంక గాయన ఈ బాట నడిచే పనే లేదు. మీరంత పోయినంక మూడేండ్లు ఊర్ల ఒక్కదాన్నే ఉన్న బిడ్డా, నాకు ఉత్తరం రాసేటోళ్లు ఎవ్వరు లేకున్నా, నేను బతికున్ననో లేదో సూసిపోనీకె దినాం వచ్చేటోడు.”