పక్కింటోడు రాయని చోటు

ఛార్జింగ్ మిషన్ ముందు ఎవరిదో పెట్రోలు కారు ఆపి ఉంది.

హారన్ కొట్టారు. ఎవరూ రాలేదు.

"తాళం వేసుకుని పోయాడు మహానుభావుడు!" భర్త స్టీరింగ్ మీద గుద్దాడు.

ఆమె ఒళ్ళో పాప డొక్కలెగరేస్తోంది.

పొద్దున జలుబే అనుకున్నారు. మధ్యాహ్నానికి పాలు తాగడం మానేసింది. దగ్గరి డాక్టరు చూసి, "ఊపిరి సరిగ్గా అందట్లేదు, పిల్లల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి" అన్నాడు. అంబులెన్సు రావడానికి ఆలస్యమవుతుందన్నారు. మన కారుందిగా అని బయల్దేరారు.

పాప ఏడుపులో పడి రాత్రి ఆ కారుని ఛార్జింగుకి పెట్టలేదన్న సంగతి సగం దారిలో గానీ గుర్తుకు రాలేదు.

"మీ అన్నయ్య ఏం రాశాడో చూడు," అన్నాడు భర్త.

ఆమెకి అన్నదమ్ములెవరూ లేరు. ఫోన్‌లో ఛార్జింగ్ చోట్లు చూపించే మ్యాపు ఉంది. ఒక్కో చోటు కింద వెళ్ళొచ్చినవాళ్ళు నాలుగు ముక్కలు రాస్తుంటారు. అందులో 'పక్కింటోడు' అనే పేరుతో ఒకాయన రాస్తాడు.

"కుడిపక్క మిషన్ దండగ. ఎడమపక్కది బంగారం."

"ఇక్కడ మధ్యాహ్నం నీడ పడుతుంది. పసిపిల్లలున్నవాళ్ళు గోడ వారగా ఆపుకోండి."

చదువు మధ్యలో ఆగిపోయిన ఆమెకి కూడా ఇట్టే అర్థమయ్యేలా ఉంటాయి ఆ మాటలు. కారు కొన్నప్పటి నుంచీ ఆయన చెప్పిన చోటే ఆగుతున్నారు. ఎన్నడూ మోసపోలేదు. "అన్నయ్య లేని లోటు తీర్చాడండీ" అంటుందామె. "అయితే మా బావగారన్నమాట! ఒకసారి భోజనానికి పిలువు" అని ఏడిపిస్తాడు భర్త.

ఇప్పుడు ఏడిపించే ఓపిక ఎవరికీ లేదు.

"దుకాణాల వెనక కొత్త మిషన్ పెట్టారట. కానీ దాని కింద ఆయనేం రాయలేదండీ."

"రాయకపోతే ఏం? కొత్తదేగా. పద."

వెళ్ళేసరికి అక్కడ బూడిదరంగు పాత కారు ఉంది. నెరిసిన గడ్డంతో ఒకాయన దాని పక్కన వంగి, రెండు చేతులతో కారుకి గుచ్చే ఛార్జింగ్ గన్ పట్టుకుని ఉన్నాడు.

"అయ్యో! మనకంటే ముందు పెట్టేసుకుంటున్నాడండీ!"

భర్త దిగి పరిగెత్తాడు. "సార్! ఆగండి సార్! పాపకి బాగాలేదు. ముందు మమ్మల్ని పెట్టుకోనివ్వండి."

ఆయన తలెత్తలేదు. ఆ గన్‌తో ఏవో తంటాలు పడుతున్నాడు.

"మీకే చెప్పేది! వినపడట్లేదా?"

చివరికి గన్ ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని మిషన్‌కి తగిలించి, అడ్డంగా నిలబడ్డాడు. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"దీనికి పెట్టకండి బాబూ. నా వెనకాలే రండి, ఇంకోటి..."

"ఇందాకట్నుంచీ ఇదే కథ! ఒకడు కారు అడ్డం పెట్టి పోతాడు, ఇంకొకడు తనే అడ్డం నిలబడతాడు!"

"అది కాదు, చెప్పేది కాస్త..."

కారు తలుపు తెరుచుకుంది. పాపని భుజాన వేసుకుని ఆమె దిగింది.

"మమ్మల్ని పంపించేసి మళ్ళీ మీరే పెట్టుకుందామనా? మీకు పిల్లల్లేరా అండీ? మీ ఇంట్లో బిడ్డకి ఇలా ఊపిరాడకపోతే తెలిసేది!"

ఆయన పాప వంక చూశాడు. గబగబా కారెక్కాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ ఏదో అన్నాడు. పాప దగ్గులో ఆమెకి వినపడలేదు.

"చూడండి, పైగా వెక్కిరింపు!"

బూడిదరంగు కారు వేగంగా మలుపు తిరిగిపోయింది.

భర్త గన్ తీసి కారుకి పెట్టాడు. టక్కుమంది. మిషన్ మీద పచ్చదీపం వెలిగింది.

"హమ్మయ్య," అందామె.

పచ్చదీపం ఆరిపోయింది.

తీసి మళ్ళీ పెడదామని లాగాడు. రాలేదు. మీట నొక్కి లాగాడు. కాలు ఆనించి లాగాడు.

"ఏమైందండీ?"

"ఇరుక్కుపోయింది."

"పోనీ వదిలెయ్యండి. కాస్త ఛార్జింగ్ ఉందిగా, ఇంకో చోటికి వెళ్దాం."

"గన్ ఊడితే గానీ కారు కదలదే!"

మిషన్ మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. పాట వినిపించింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే పాట. అంబులెన్సుకి చేశాడు.

"వస్తున్నారట."

"ఎంతసేపట్లో?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వంగి, రెండు చేతులతో గన్ పట్టుకుని మళ్ళీ లాగసాగాడు. అచ్చం ఇందాక ఆయన నిలబడ్డట్టే.

అతని అరచేతులు ఎర్రగా కందిపోవడం ఆమె చూసింది.

పాప ఇప్పుడు ఏడవడం కూడా లేదు. చిన్న నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది.

ఫోన్ తెరిచింది. ఆ మిషన్ కింద అప్పుడే ఒక మాట వచ్చి ఉంది.

"కొత్త మిషన్ జోలికి పోకండి. గన్ పడితే వదలదు. నాది ఊడదీసేసరికి తాతలు దిగొచ్చారు."

దాని తర్వాతి చోటు, పళ్ళ మార్కెట్ పక్కన. దాని కింద ఇంకో మాట.

"ఇది బంగారం. కానీ ఇప్పుడు మాత్రం దయచేసి ఎవరూ రాకండి, ఊపిరందని పసిపాపతో ఒక చెల్లెమ్మ నా వెనకాలే వస్తోంది, చోటు పట్టుకుని నిలబడ్డాను — పక్కింటోడు."