కంపెనీ బిగించినట్టే

"చూడండి సార్, బాగా చూడండి! పైపైన చూసి పోతే ఊరుకునేది లేదు!"

వాణి అరుపుకి తనిఖీ అధికారి జడ్సన్ ఉలిక్కిపడ్డాడు.

చిట్టమూరు దాటాక ఎవరో ప్లాట్లు వేసి, అమ్ముడుపోక వదిలేసిన సిమెంటు రోడ్డు అది. ఇంకో గంటలో దాని మీద కార్ల పందెం ఫైనల్. మలుపుల్లేవు, గట్టిగా పన్నెండు సెకన్ల పరుగు. ఆమె మొగుడు పెంచలకృష్ణ ఫైనల్‌కి వచ్చాడు. సరిగ్గా అప్పుడే అతని కారు మీద ఎవరో ఫిర్యాదు పడేశారు. 'కంపెనీ బిగించినట్టు లేదు' అని ఒకే ఒక్క ముక్క. పందెం ఆఫీసులో ఆ కాగితం తీసుకున్న గుమాస్తా జయశీల, రాసిందెవరో చెప్పనంటే చెప్పనంది. అదీ రూలేనట.

ఫ్యాక్టరీలోనే పందెం కోసం కట్టిన కారది. దిగింది స్టాక్ క్లాసులో. అంటే కంపెనీ బిగించింది బిగించినట్టే ఉండాలి. బరువుని ఇంజను హార్స్‌పవర్‌తో భాగించి ఏ తరగతో తేలుస్తారు. లోపల ఏది మార్చినా కారు బయటికే, నడిపినోడికి రెండేళ్లు నిషేధం. పెంచలకృష్ణకి తిండి పెట్టేది రొయ్యల గుంటలే గానీ, ప్రాణమంతా ఈ కారు మీదే.

"ఫైనల్లో నా మీద దిగే ఆ ఫ్రెడ్డీ గాడే రాసుంటాడు," అని పళ్లు కొరికాడు. "నాతో తూగలేక ఏడ్చినాడు. వాడి చెయ్యి పడిపోను!"

"అతన్నెందుకయ్యా తిడతావు? నువ్వు చూసినావా?" వాణి కసిరింది. పొద్దున్నించీ ఆమె మంచినీళ్లయినా ముట్టలేదు. ముఖం కందగడ్డయింది.

కారుని కాటా ఎక్కించారు. బరువు సరిపోయింది. ఇంజను విప్పారు. నంబర్లూ సరిపోయాయి. జడ్సన్ టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. పెంచలకృష్ణ మీసం మీద చెయ్యి వేశాడు.

వాణికి ఒళ్లు మండిపోయింది.

"అంతేనా సార్? ఇంతమందిలో నిలబెట్టి, ఇంజను చూసి పోతారా? లోపల చూడరా? సీటు చుట్టూ చూడరా? ఇదేం తనిఖీ, మీ మొహం తనిఖీ!"

"నోరు మూసుకోమే," అన్నాడు పెంచలకృష్ణ. గొంతు పీలగా వచ్చింది.

"నేనెందుకు మూసుకోవాల? తప్పు చేసినోళ్లు మూసుకోవాల! ఆ కడ్డీలు గూడా తట్టి చూసుకోమను. నా మొగుడు నిక్షేపంగా ఇంటికి రావాల!"

జనం ఈలలు వేశారు. పెళ్లామంటే అట్లుండాలని ఎవరో అన్నారు. జడ్సన్‌కీ రోషం వచ్చింది. కారులోకి దూరి, డ్రైవరు తలకి కాపుగా ఉండే ఇనుప చట్రాన్ని తట్టాడు. ఒక పక్క ఖంగుమంది. రెండో పక్క డొల్లగా పలికింది. పైన చుట్టిన స్పాంజి చింపాడు.

లోపల రొయ్యల గుంటకి నీళ్లు తోడే ప్లాస్టిక్ పైపు. నల్లరంగు పూసి ఉంది. అక్కడ తగ్గిన బరువంతా వెనక చక్రాల మీద దొరికింది, వలలకి కట్టే సీసం గుండ్ల రూపంలో. వెనక బరువుంటే కారు మొదట్లోనే ఎగిరి దూకుతుంది మరి.

"బుద్ధుందా నీకు?" జడ్సన్ కేకలేశాడు. "కారు తిరగబడితే ఈ పైపు పుటుక్కున విరుగుతుంది. నీ తల చితికిపోతుంది. పో, రెండేళ్లు స్టీరింగు ముట్టుకోవాకు!"

పెంచలకృష్ణ హెల్మెట్‌ని నేలకేసి కొట్టాడు. ఫిర్యాదు చేసినోళ్లు మట్టిగొట్టుకుపోవాలని ఊరంతా వినేలా తిట్టాడు. తర్వాత పెళ్లాం మీద పడ్డాడు.

"తట్టి చూడమని నువ్వే గదమే అంటివి! నీ రోషం తగలెయ్య!"

కారుని లారీ ఎక్కించడానికి విసవిసా వెళ్లిపోయాడు. వాణి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పాపం అనుకుంటూ జనం పక్కకి తప్పుకున్నారు.

జయశీల ఒక్కతే దగ్గరికొచ్చి, మడిచిన ఫిర్యాదు కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, "కింద నీ సంతకం ఉందక్కా, ఆయన కంట పడకముందే చించెయ్యి," అంది.